అందరికీ చేతినిండా పనే, అయినా టికెట్ కదలదు

బిల్లు మొత్తంలో పైసల లెక్క తప్పుతోందన్న చిన్న ఫిర్యాదు ఒక సోమవారం ఉదయం ఒక సాఫ్ట్‌వేర్ బృందం దగ్గర టికెట్‌గా, అంటే చేయవలసిన పనుల జాబితాలో ఒక పనిగా, నమోదైందనుకుందాం. డెవలపర్ చేతిలో అప్పటికే మూడు పనులు ఉండటం వల్ల బుధవారం దాకా దాన్ని తెరవలేదు. తెరిచాక, మధ్యలో వచ్చిన కాల్స్ తీసేస్తే, నాలుగు గంటల్లో లోపం దొరికింది, దిద్దుబాటూ అయింది. గురువారం సాయంత్రం రివ్యూకు, అంటే తను రాసిన కోడ్‌ను మరొకరు సరిచూడటానికి, పంపాడు. రివ్యూ చేయవలసిన సీనియర్ ఇంకో రిలీజ్ హడావుడిలో ఉండి, తరువాతి సోమవారం గాని దాని ముఖం చూడలేదు. చూడటం మొదలుపెట్టాక ఆమెకు పట్టింది ఇరవై నిమిషాలు; రెండు వ్యాఖ్యలు రాసింది. ఆ వేళకు డెవలపర్ మరో మాడ్యూల్‌లో తలమునకలై ఉన్నాడు కాబట్టి అరగంట సవరణ మంగళవారం జరిగింది, ఆమోదం బుధవారం వచ్చింది. టెస్టింగ్ సర్వర్‌ను వేరే బృందం వాడుకుంటూ ఉండటంతో పరీక్ష శుక్రవారానికి జరిగింది. దానికి రెండు గంటలు సరిపోయాయి. ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు వాడే అసలు వ్యవస్థలోకి, పంపేది మంగళవారాల్లో మాత్రమే కనుక, ఆ టికెట్ మూసేసరికి పదహారో రోజు వచ్చింది.

ఈ పదహారు రోజుల్లో మనిషి చెయ్యి ఆ పని మీద ఉన్న సమయమంతా కూడితే ఏడు గంటలకు పది నిమిషాలు తక్కువ. శని, ఆదివారాలు తీసేసి, మిగిలిన 12 పనిదినాలను రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కవేస్తే 96 గంటలు అవుతాయి. అంటే పని జరిగింది సుమారు 7 శాతం సమయంలో. తక్కిన 93 శాతం ఆ టికెట్ ఎవరి కోసమో, దేని కోసమో ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ రోజుల్లో బృందంలో ఎవరూ ఖాళీగా లేరన్నది ఇందులోని విచిత్రం. అందరి క్యాలెండర్లూ నిండే ఉన్నాయి, అందరూ అలసిపోయే ఇంటికి వెళ్లారు.

ఉత్పాదకత పెంచుకోవడం గురించి మనకు దొరికే సలహాల్లో చాలా భాగం ఆ ఏడు గంటల గురించినవే. కీబోర్డు షార్ట్‌కట్లు నేర్చుకోవాలని, తెల్లవారుజామున లేవాలని, ఇరవై అయిదు నిమిషాలకోసారి విరామం తీసుకోవాలని, కొత్త ఎడిటర్‌కు మారాలని చెబుతారు. అవి చెడ్డ సలహాలు కావు. కాని వాటన్నిటినీ పాటించి డెవలపర్ తన నాలుగు గంటల పనిని రెండు గంటల్లో ముగించినా, ఆ టికెట్ వినియోగదారుడిని చేరేది అదే మంగళవారం. పదహారు రోజుల మాటేమిటని అడగాలంటే, మనిషి మీద పెట్టిన చూపును కాసేపు పని మీదికి మళ్లించాలి.

లైనులో నిలబడ్డ పని

నిరీక్షణ లెక్క తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లన్నీ నిండిపోయి బయటి దాకా భక్తులు బారులు తీరారని, టోకెన్ లేని సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతుందని వార్తల్లో వింటూనే ఉంటాం. ఆ గంటల సంఖ్యను చెప్పడానికి ఏ భక్తుడు ఎంత వేగంగా నడుస్తున్నాడో తెలియనవసరం లేదు. గంటకు 4,000 మందికి దర్శనం అవుతోందని, లైనులో 40,000 మంది ఉన్నారని అనుకుంటే, ఇప్పుడు వచ్చి చివర నిలబడిన మనిషికి పది గంటలు పడుతుంది. అతను ఎంత చురుకైనవాడైనా, ఎంత తెల్లవారుజామున లేచి వచ్చినా ఆ పది గంటలు తగ్గవు. తిరుపతిలోనే టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చే పద్ధతి చేసే పని కూడా ఇదే. గర్భగుడి ముందు దర్శనం జరిగే వేగం దానివల్ల మారదు. లైనులో ఒకేసారి ఉండే జనసంఖ్య తగ్గుతుంది, అందువల్ల లైనులో గడిపే సమయం తగ్గుతుంది, మిగతా వేళ భక్తుడు కంపార్ట్‌మెంట్‌లో కాక బసలో ఉంటాడు.

ఈ సంబంధాన్ని జాన్ లిటిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1961లో గణితపరంగా నిరూపించాడు. ఒక వ్యవస్థలో సగటున ఉండే పనుల సంఖ్య, ఆ వ్యవస్థ పనులను పూర్తిచేసే వేగాన్ని ఒక్కో పని అందులో గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానమని ఆ సూత్రం సారాంశం. వచ్చే పని, పూర్తయ్యే పని దీర్ఘకాలంలో సరితూగుతూ ఉంటే చాలు. పనులు ఏ క్రమంలో వచ్చినా, పెద్దవైనా చిన్నవైనా, ఎవరిని ముందు పంపినా ఈ సమానత చెక్కుచెదరదు. అందుకే ఇది టెలిఫోన్ ఎక్స్ఛేంజీకీ, ఆసుపత్రి ఓపీకీ, సాఫ్ట్‌వేర్ బృందానికీ ఒకేలా వర్తిస్తుంది.

బృందానికి దీన్ని అన్వయించి చూడటం తేలిక. ఆరుగురున్న బృందం వారానికి ఆరు టికెట్లు పూర్తిచేస్తోంది, పనుల స్థితిని చూపే బోర్డు మీద 'జరుగుతోంది' అన్న గుర్తుతో 24 టికెట్లు ఉన్నాయి అనుకుంటే, ఒక్కో టికెట్ సగటున నాలుగు వారాలు అక్కడే ఉంటుంది. తెరిచి ఉన్న టికెట్లను 12కు తగ్గించి, పూర్తిచేసే వేగాన్ని అలాగే నిలుపుకోగలిగితే ఆ సమయం రెండు వారాలకు దిగుతుంది. ఎవరూ వేగంగా టైపు చేయలేదు, ఎవరూ రాత్రుళ్లు కూర్చోలేదు, కొత్తగా ఎవరినీ చేర్చుకోలేదు. నిజానికి తెరిచి ఉన్న పనులు తగ్గితే పూర్తిచేసే వేగం అక్కడే ఆగిపోక కొంత పెరుగుతుంది కూడా; ఎందుకంటే ఇరవై నాలుగు పనులను గుర్తుపెట్టుకోవడానికి, వాటి స్థితిని స్టాండప్ అనే రోజువారీ సమావేశంలో వివరించడానికి, వాటి బ్రాంచ్‌ల (విడివిడిగా మార్చుతున్న కోడ్ ప్రతుల) మధ్య వచ్చే ఘర్షణలను తీర్చడానికి పోయే శ్రమ సగానికి పడిపోతుంది.

కాని ఈ మాట చెప్పగానే మేనేజర్‌కు వచ్చే మొదటి సందేహం న్యాయమైనదే. తెరిచి ఉంచే పనుల మీద పరిమితి పెడితే కొందరు కొన్నిసార్లు చేయడానికి ఏమీ లేక కూర్చోవలసి వస్తుంది కదా? వస్తుంది. అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

ఖాళీ అంటే భయం

కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1909లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. కాల్స్ ఎప్పుడు వస్తాయో ముందుగా తెలియనప్పుడు, వినియోగదారులు విసిగిపోకుండా ఉండటానికి ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు కావాలన్నది అతను ఎదుర్కొన్న ప్రశ్న. అక్కడ మొదలైన క్యూల గణితంలో అన్నిటికన్నా సరళమైన నమూనా తీసుకుందాం. పనిచేసేవాడు ఒక్కడే, పనులు తమ ఇష్టం వచ్చినట్టు వస్తుంటాయి, ఒక్కొక్కటి ఎంతసేపు పడుతుందో కచ్చితంగా చెప్పలేం. ఆ మనిషి సమయంలో సగం మాత్రమే పనితో నిండి ఉంటే, వచ్చిన పని తన వంతు కోసం ఎదురుచూసే సగటు సమయం, పని చేయడానికి పట్టే సగటు సమయమంత ఉంటుంది. 80 శాతం నిండి ఉంటే నిరీక్షణ నాలుగు రెట్లవుతుంది. 90 శాతానికి తొమ్మిది రెట్లు, 95 శాతానికి పంతొమ్మిది రెట్లు. నూటికి నూరు శాతం నింపితే లైనుకు అంతూ పొంతూ ఉండదు.

90 నుంచి 95కు వెళ్లినప్పుడు మనం పిండుకున్న అదనపు పని అయిదు పాళ్లు; దానికి చెల్లించిన మూల్యం రెట్టింపుకు మించిన నిరీక్షణ. హైటెక్ సిటీ రోడ్ల మీద సాయంత్రం ఏడు గంటలకు చిక్కుకున్నవారికి ఈ వక్రరేఖ అనుభవంలోనిదే. రోడ్డు ముప్పాతిక భాగం నిండే దాకా బండ్లు సాఫీగానే సాగుతాయి, ఆ తర్వాత చేరిన కొద్ది బండ్లతోనే మొత్తం స్తంభించిపోతుంది. రోడ్డు ఎంత నిండి ఉందన్నది కొలమానంగా తీసుకుంటే, ట్రాఫిక్ జామ్ రోడ్డును అత్యంత సమర్థంగా వాడుకుంటున్న ఘడియ అని ఒప్పుకోవలసి వస్తుంది.

నిరీక్షణను పెంచే రెండో కారణం అస్థిరత. బ్రిటిష్ గణితవేత్త జాన్ కింగ్‌మన్, యాదృచ్ఛికంగా 1961లోనే, ఈ రెండింటినీ ఒకే సూత్రంలో ముడివేశాడు. పనులు వచ్చే తీరులోనూ, వాటి పరిమాణంలోనూ హెచ్చుతగ్గులు ఎంత ఎక్కువగా ఉంటే, అదే నిండుదనం వద్ద నిరీక్షణ అంత పెరుగుతుంది. ఒకే రకం సీసాలు నింపే కర్మాగారంలో యంత్రాన్ని 95 శాతం నడపవచ్చు. అక్కడ రేపు వచ్చే సీసా ఇవాళ్టి సీసాలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పనిలో రెండు గంటలనుకున్నది రెండు రోజులవుతుంది, రెండు రోజులనుకున్నది ఎవరో పాత లైబ్రరీలో వదిలేసిన ఒక వాక్యం వల్ల రెండు వారాలవుతుంది. అస్థిరత ఇంత ఉన్నచోట మనుషులను కర్మాగార యంత్రాల్లా పూర్తిగా నింపాలనుకోవడమే లోపం.

మన ఐటీ సేవల సంస్థల్లో ఈ అలవాటుకు బలమైన ఆర్థిక మూలం ఉంది. క్లయింట్‌కు మనిషి గంటల లెక్కన బిల్లు వేసే వ్యాపారంలో ఎంతమంది బిల్లింగ్‌లో ఉన్నారు, ఎంతమంది ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నారన్నది లాభనష్టాల ప్రశ్న. అందుకే కొన్ని పెద్ద సంస్థలు ప్రతి త్రైమాసికంలో యుటిలైజేషన్ శాతాన్ని, అంటే ఉద్యోగుల్లో ఎంత భాగం బిల్లింగ్ పనిలో ఉందన్న లెక్కను, మదుపరులకు ప్రకటిస్తాయి. ఆ లెక్క ఆ అవసరానికి సరైనదే. అయితే ఖాతాల పుస్తకంలో ఉండవలసిన ఆ కొలమానం టైమ్‌షీట్ల దారిన జారి, ఒక బృందం తన రోజును ఎలా నడుపుకోవాలన్న విషయంలోకి కూడా దూరింది. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఒకరి చేతిలో టికెట్ లేకపోతే అది నేరమన్న భావన ఆ విధంగా స్థిరపడింది. దాంతో అతను తన దగ్గరున్న పనిలో ఏదైనా ఆగిపోగానే కొత్తది తెరుస్తాడు, అది ఆగితే మరొకటి. పక్కవాడి కోడ్ రివ్యూ కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్నా అది 'తన టికెట్' కాదు కాబట్టి దాని జోలికి పోడు. బెంచ్ మీద మనిషి కూర్చుంటే అందరికీ కనిపిస్తుంది. బెంచ్ మీద పని కూర్చుంటే దానికి ఏ రిపోర్టులోనూ గడి లేదు.

హైదరాబాదు బృందం కథ

ఈ వాదన కాగితం మీది గణితమేనా అన్న ప్రశ్నకు సమాధానం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఒకేసారి తెరిచి ఉంచే పనులకు పరిమితి పెట్టే కాన్‌బాన్ పద్ధతికి సాఫ్ట్‌వేర్ రంగంలో ఆద్యంగా చెప్పే ఉదంతాల్లో ఒకటి హైదరాబాదులో పనిచేసిన బృందానిది. 2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగానికి చెందిన ఎక్స్ఐటీ అనే గ్రూపు తన అంతర్గత అప్లికేషన్ల నిర్వహణను ఆ బృందానికి అప్పగించింది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు, స్థానికంగా ఒక మేనేజర్. వాళ్ల పైన అప్లికేషన్లు సుమారు ఎనభై. పద్ధతుల విషయంలో క్రమశిక్షణ ఉన్నవారే, కోడ్ నాణ్యత మీద పెద్ద ఫిర్యాదులు లేవు. అయినా చిన్న మార్పు అడిగితే చేతికందడానికి సగటున అయిదు నెలలు పట్టేది. చేయకుండా మిగిలిన పనుల జాబితా, అంటే బ్యాక్‌లాగ్, నెలనెలా పెరుగుతూ పోయింది, ఆ విభాగంలో వినియోగదారుల అసంతృప్తి అత్యధికంగా ఉన్న బృందమన్న పేరు వచ్చింది.

మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయమున్న రెడ్‌మండ్ నుంచి ఆ బృందం బాధ్యత తీసుకున్న ప్రోగ్రామ్ మేనేజర్ డ్రాగోస్ దుమిత్రియు, అప్పుడే ఆ సంస్థలో చేరిన డేవిడ్ ఆండర్సన్ సాయంతో పనులు ఎటు వెళుతున్నాయో గీసి చూశాడు. అందులో బయటపడిన అతి పెద్ద దొంగ ఎస్టిమేషన్. కొత్త అభ్యర్థన ఏది వచ్చినా, అది ఎంత పని, ఎంత ఖర్చు అన్నది రెండు రోజుల్లో చెప్పాలన్న నియమం ఉండేది. దానికోసం ఒక డెవలపర్, ఒక టెస్టర్ చేతిలోని పని పక్కన పెట్టి, సంబంధిత కోడ్‌నంతా తిరగేసి అంచనా రాసేవారు. బృందం సామర్థ్యంలో మూడోవంతు, కొన్ని వేళల్లో అంతకన్నా ఎక్కువ, ఈ అంచనాలకే పోయేది. అంచనా వేసిన వాటిలో దాదాపు సగం ఎప్పటికీ చేపట్టేవారు కాదు. చేపట్టినవి నెలల తర్వాత మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసి వచ్చేది. పని ఎప్పుడవుతుందో చెప్పడానికి పడే శ్రమే పని కాకుండా అడ్డుపడింది.

వాళ్లు చేసిన మార్పులు వినడానికి చప్పగా ఉంటాయి. అంచనాలు వేయడం మానేశారు. మరీ పెద్దవైన అభ్యర్థనలను వేరే దారికి మళ్లించారు. డెవలపర్ల ముందు, టెస్టర్ల ముందు ఎన్ని పనులు వేచి ఉండవచ్చో ఒక పరిమితి పెట్టారు. చోటు ఖాళీ అయినప్పుడు మాత్రమే, ఆ చోటుకు తగిన సంఖ్యలో, అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో వ్యాపార విభాగాల ప్రతినిధులు మాట్లాడుకుని ఎంపిక చేసేవారు. ఎంపికైన పనిని 25 రోజుల్లో అందిస్తామన్న హామీ ఇచ్చారు. కోడ్ రాసే పద్ధతి, పరీక్షించే పద్ధతి మారలేదు. తరువాతి దశలో డెవలపర్ల, టెస్టర్ల నిష్పత్తిని సర్దారని, చివర్లో ఒకరిద్దరిని చేర్చుకున్నారని కూడా చెప్పాలి. ఫలితమంతా పరిమితి ఒక్కదాని పుణ్యమే అనడం అతిశయోక్తి అవుతుంది. తొమ్మిది నెలలు తిరిగేసరికి అయిదు నెలల నిరీక్షణ రెండు వారాల స్థాయికి దిగింది, త్రైమాసికంలో పూర్తయ్యే పనుల సంఖ్య మూడు రెట్లు దాటింది. 2005 నవంబరులో బ్యాక్‌లాగ్ ఖాళీ అయింది.

ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసేది అంకెలకన్నా ఇంకొక విషయం. హైదరాబాదులోని ఆరుగురూ మొదట ఎంత సమర్థులో చివరికీ అంతే సమర్థులు. మొదటి అంకెలు మాత్రమే చూసిన ఎవరైనా వాళ్లను మార్చాలనో, శిక్షణకు పంపాలనో, మరో పదిమందిని చేర్చాలనో తీర్మానించేవారు. అన్నిటికన్నా కష్టమైన పని ఆ ఆరుగురి బల్లల దగ్గర జరగలేదు. అంచనా లేకుండా డబ్బులు ఎలా ఇస్తామన్న వ్యాపార విభాగాలను ఒప్పించడంలో, ఖర్చును ఇక నుంచి వేరే రీతిలో పంచుకుందామని నచ్చజెప్పడంలో జరిగింది.

ఒక్క మనిషి బల్ల దగ్గర

బృందానికి వర్తించే లెక్క ఒక్కరి బల్ల దగ్గరా వర్తిస్తుంది. ఒక్కొక్కటి అయిదు రోజులు పట్టే మూడు పనులు మీ చేతిలో ఉన్నాయనుకోండి. ఒకటి ముగించాక ఒకటి చేస్తే అవి 5, 10, 15వ రోజుల్లో పూర్తవుతాయి. ముగ్గురినీ సంతృప్తిపరచాలని రోజుకొకటి చొప్పున తిప్పితే 13, 14, 15వ రోజుల్లో పూర్తవుతాయి. పని మారేటప్పుడు ఒక్క నిమిషం కూడా వృథా కాలేదని ఒప్పుకున్నా సగటు పది రోజుల నుంచి పద్నాలుగు రోజులకు పెరిగింది. చివరి పనికి ఇందులో మేలేమీ జరగలేదు, మొదటి రెండింటికీ మాత్రం కీడు జరిగింది. ముగ్గురికీ రోజూ 'జరుగుతోందండీ' అని చెప్పగలగడం ఒక్కటే మిగులు.

అసలు జీవితంలో మారేటప్పుడు వృథా అయ్యేది నిమిషాలు కాదు. ఒక పనిని సగంలో వదిలి మరోదానికి వెళ్లినప్పుడు మొదటిదాని ఆలోచన కొంత మనసులో అంటుకునే ఉంటుందని, అది రెండో పని మీద ఏకాగ్రతను తగ్గిస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖకు చెందిన గ్లోరియా మార్క్, ఆమె సహపరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం ఇంకాస్త చమత్కారమైనది. మధ్యమధ్య అంతరాయం కలిగినవారు తమకిచ్చిన పనిని ఆలస్యంగా కాదు, నిజానికి కొంత తొందరగానే పూర్తిచేశారు. అయితే పోయిన సమయాన్ని పూడ్చుకోవాలన్న ఆత్రంతో వారిలో ఒత్తిడి, విసుగు, సమయం చాలదన్న ఆందోళన ఎక్కువయ్యాయి. అంతరాయాల వల్ల నష్టమేమీ లేదు, పని అవుతూనే ఉంది కదా అని పైనున్నవారికి అనిపించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. మూల్యం చెల్లించేది మనిషి, అది ఏ డాష్‌బోర్డు మీదికీ ఎక్కదు.

కాబట్టి వ్యక్తిగత స్థాయిలో నేను నమ్మే క్రమశిక్షణ చిన్నది. చేతిలో ఒకేసారి రెండు పనులకు మించి తెరిచి ఉంచుకోకపోవడం, రెండోది కూడా మొదటిది ఆగినప్పుడు కదిలించడానికి మాత్రమే అనుకోవడం. మొదటిది రివ్యూ కోసం ఆగితే, మూడోది తెరిచేముందు పక్కవారి రివ్యూ చేసిపెట్టడం. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే సొంత టికెట్ తెరవకుండా, నిన్న సాయంత్రం నుంచి మన కోసం ఎదురుచూస్తున్న రివ్యూలను ముందు ముగించే అలవాటు ఒక్కటి బృందమంతా చేసుకుంటే, వ్యాసం మొదట్లో చెప్పిన టికెట్‌కు రివ్యూ దశలో మూడు రోజులు కలిసివస్తాయి.

అమెరికాతో కలిసి పనిచేసే బృందాలకు ఇంకొక నిరీక్షణ అదనంగా ఉంటుంది. వేసవిలో సియాటిల్‌కూ హైదరాబాదుకూ మధ్య పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. హైదరాబాదులో మధ్యాహ్నం మూడింటికి అడిగిన అయిదు నిమిషాల సందేహం అక్కడ తెల్లవారుజామున రెండున్నరకు చేరుతుంది. వాళ్లు ఉదయం తొమ్మిదింటికి జవాబిచ్చే వేళకు ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. చదివేది మర్నాడు పొద్దున. 'ఏ ఎన్విరాన్‌మెంట్‌లో?' (టెస్టింగ్ సర్వర్‌లోనా, ప్రొడక్షన్‌లోనా) అని వాళ్లు తిరుగు ప్రశ్న వేశారంటే ఇంకో రోజు గల్లంతు. దీనికి విరుగుడుగా రాత్రి పదింటి కాల్స్ పెంచడం మన ఆనవాయితీ. దానికన్నా ప్రశ్నను రాసే పద్ధతి మార్చుకోవడం చవకైనది. ఏం ప్రయత్నించాం, ఏం కనబడింది, మన ముందున్న రెండు మార్గాలేమిటి, రేపు ఉదయానికి జవాబు రాకపోతే ఏ మార్గంలో వెళతాం అన్నవి ఒకే సందేశంలో రాస్తే, తిరుగు ప్రశ్నకు తావుండదు, మౌనం కూడా జవాబుగా పనికొస్తుంది. ఇలా రాయడానికి పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇంగ్లిష్‌లో నాలుగు పేరాలు రాయడానికి జంకి 'క్విక్ కాల్' అడిగేవారు మనలో చాలామందే ఉన్నారు. ఆ జంకు పోగొట్టడం మీద పెట్టే శిక్షణ, నా అంచనాలో, ఏ కొత్త టూల్ శిక్షణకన్నా ఎక్కువ రోజులు మిగులుస్తుంది.

కోడ్ రాయడం వేగం పుంజుకున్నాక

ఇప్పుడు కృత్రిమ మేధ సహాయకాలు ఆ ఏడు గంటల్లోని నాలుగు గంటలను కుదించే పనిలో ఉన్నాయి. ఎంత కుదిస్తున్నాయన్నది ఇంకా తెగని వాదం. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో ప్రచురించిన ప్రయోగంలో, తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద పనిచేసే 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులు ఇచ్చి, కొన్నింటికి ఈ సహాయకాలను అనుమతించారు, కొన్నింటికి నిషేధించారు. వీటివల్ల సమయం 24 శాతం తగ్గుతుందని వాళ్లు ముందుగా ఊహించారు. పని ముగిశాక కూడా 20 శాతం తగ్గిందనే నమ్మారు. గడియారం చూపింది మాత్రం 19 శాతం ఎక్కువ సమయం పట్టిందని. పదహారుగురి మీద, అదీ పెద్ద పాత ప్రాజెక్టుల మీద, ఆనాటి టూల్స్‌తో జరిగిన ప్రయోగాన్ని అందరికీ అంటగట్టడం తప్పు. కొత్త ప్రాజెక్టులో, తెలియని భాషలో ఫలితం తలకిందులు కావచ్చు. కాని వేగంగా పనిచేస్తున్నామన్న అనుభూతి, నిజంగా వేగంగా పనిచేయడం ఒకటి కావన్న విషయం మాత్రం ఆ అంకెల్లో స్పష్టంగా ఉంది.

సహాయకాలు నిజంగానే కోడ్ రాసే వేగాన్ని రెట్టింపు చేశాయనుకుందాం. అప్పుడు రివ్యూ లైనులోకి వచ్చే కోడ్ కూడా రెట్టింపవుతుంది, రివ్యూ చేసే సీనియర్లు మాత్రం అంతే మంది ఉంటారు. 80 శాతం నిండి ఉన్న మనిషి మీదికి ఇంకాస్త పని వచ్చిపడితే ఏమవుతుందో పైన చూశాం. అందులోనూ ఇప్పుడు రివ్యూకు వచ్చే కోడ్‌ను రాసినవారే పూర్తిగా చదివి ఉండకపోవచ్చు, కాబట్టి ఒక్కో రివ్యూకు పట్టే సమయమూ పెరుగుతుంది. ఇడ్లీ పిండి రుబ్బే యంత్రం వేగం పెంచినంత మాత్రాన టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీలు త్వరగా రావు. కుక్కర్ ఒక్కటే అయితే పిండి గిన్నెలు పేరుకుంటాయి, పులుస్తాయి. విలీనం కాని కోడ్ కూడా పులుస్తుంది, ఎందుకంటే దాని కింద ఉన్న ప్రధాన కోడ్ రోజూ మారుతూ ఉంటుంది.

కొత్త టూల్ కొనేముందు బృందం తెలుసుకోవలసింది తన దగ్గర పని ఎక్కడ ఆగుతోందన్నది. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గత రెండు నెలల్లో ముగిసిన టికెట్లు ఓ ఇరవై తీసుకుని, ఒక్కొక్కటి ఎప్పుడు మొదలైంది, రివ్యూకు ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు తిరిగొచ్చింది, పరీక్షకు ఎప్పుడు అందింది, వినియోగదారుడిని ఎప్పుడు చేరింది అన్న తేదీలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాస్తే ఒక మధ్యాహ్నంలో బొమ్మ కళ్లకు కడుతుంది. ఈ తేదీలు మనుషుల పేర్ల పక్కన రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పేర్లు చేరిన మరుక్షణం అది అప్రైజల్ పత్రం అయిపోతుంది, ఆ తర్వాత టికెట్లను ముక్కలు చేసి మూయడం, పని మొదలుపెట్టి కూడా 'మొదలైంది' అన్న గుర్తు పెట్టకపోవడం వంటి కళలన్నీ వారం రోజుల్లో అబ్బుతాయి.

అన్ని పనులూ ఈ పరిమితులకు లొంగవు. రాత్రి రెండింటికి పేమెంట్ గేట్‌వే పడిపోతే దాన్ని లైనులో నిలబెట్టలేం. అలాంటివాటికి అంబులెన్స్‌కు దారి ఇచ్చినట్టు వేరే దారి ఉండాలి, ఆ దారిలో ఒకేసారి ఒక్కటే ఉండాలి, అది ఎన్నిసార్లు తెరవవలసి వచ్చిందో లెక్క రాసుకోవాలి. పరిశోధన తరహా పనిలో, ఏది దొరుకుతుందో తెలియని అన్వేషణలో, టికెట్ వయసు చూసి తొందరపెట్టడం హాని చేస్తుంది. ఇంకా పెద్ద అడ్డంకి మన ఆఫీసుల మర్యాదలో ఉంది. క్లయింట్ మేనేజర్ మెసేజ్ పెట్టి 'ఇది కూడా చూడండి' అంటే 'ఇప్పుడు కాదండీ' అనగలిగే చనువు మూడేళ్ల అనుభవమున్న డెవలపర్‌కు లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆ మాట టీమ్ లీడ్ అనాలి, లేదా బోర్డు అనాలి. 'చేస్తామండీ, దీని కోసం ఈ నాలుగింటిలో దేన్ని పక్కన పెట్టమంటారు?' అన్న ప్రశ్నను బోర్డు ముందు నిలబడి అడిగితే, వచ్చే జవాబు చాలాసార్లు 'సరే, అయితే వచ్చే వారం చూడండి' అన్నదే.